గొంతున్న చెట్టు

ఫల్గుణకి మంచి చెవి ఉందని అందరూ అంటారు. నిజమే, ఉంది. కాని చెవి ఇచ్చిన దేవుడు దానికి తగ్గ నాలుక కూడా ఇస్తాడని రూలేమీ లేదు.

అతనిది ముంచింగిపుట్టు అవతల కొండవాలు ఊరు. బెంగుళూరులో గిటార్లు చేసే ఒక వర్క్‌షాపులో ఎనిమిదేళ్ళు చెక్క గీకి, తిరిగొచ్చి అరకులో రోడ్డు పక్కన సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. కాఫీ తోటల్లో గాలికి పడిపోయిన సిల్వర్ ఓక్, నిలువునా ఎండిపోయిన పనస, ఇవే అతని సరుకు. ప్రతి గిటారు పొట్టలోనూ, మధ్యలో ఉన్న గుండ్రటి కంతలోంచి చూస్తే కనబడేలా ఒక చీటీ అంటిస్తాడు. "దీనికోసం పచ్చని చెట్టు కొట్టలేదు" అని ఉంటుంది అందులో. ఆ చీటీ గురించి విని, విశాఖపట్నంలో పాటలు పాడే పావని వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకి పనసచెక్కతో గిటారు కావాలి. ఎన్నేళ్ళయినా ఆగుతానంది. బతికున్న చెట్టు జోలికి మాత్రం వెళ్ళొద్దని ఒకటికి పదిసార్లు చెప్పి వెళ్ళింది.

రెండేళ్ళ కిందటి మాట ఇది. ఆ వేసవంతా ఫల్గుణ కాళ్ళరిగేలా తిరిగాడు. చచ్చిన పనసలు దొరక్కపోలేదు. ఒకటి పుచ్చు, ఒకటి పగుళ్ళు, ఒకదాన్ని చెదలు అప్పటికే భోంచేశాయి. చివరికి తన ఊరికి పక్క గూడెంలో, వరసకి పెద్దమ్మ అయ్యే చిట్టెమ్మ ఇంటి వెనకాల, కావలసిన మాను కనబడింది. దానికొక కొమ్మ ఎండింది. అంతకుమించి ఏ రోగమూ లేదు. ఫల్గుణ సంచీలోంచి కొయ్యసుత్తి తీసి మాను మీద ఒక్కటిచ్చాడు. ఠక్కుమంది. లోపల ఎక్కడా డొల్ల లేదని ఆ ఒక్క దెబ్బకే తెలిసిపోయింది. ఇంకో ముప్ఫయ్యేళ్ళు కాయలిచ్చే చెట్టు.

"పుచ్చిపోయింది పెద్దమ్మా" అన్నాడు.

చిట్టెమ్మ నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చెట్ల మధ్యే బతికిన మనిషి. అప్పుడు ఫల్గుణ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పనసకాయని తట్టి చూస్తాం కదా పెద్దమ్మా, అని మొదలుపెట్టాడు. పచ్చిదైతే ఠక్కుమంటుంది, పండితే బొంయ్‌మంటుంది, మానూ అంతేనన్నాడు. గొంతున్న చెట్టు మంచిది, గొంతు లేని చెట్టు పుచ్చింది అన్నాడు. కాయ తట్టడం ఆ కొండల్లో పాకే పిల్లలకి కూడా తెలుసు. తెలిసిన సంగతి పక్కన పెట్టేసరికి ఆ అబద్ధం పనసబంకలా అతుక్కుంది.

చిట్టెమ్మ కొడుకు సోంబరు సుత్తి అందుకుని తనూ ఒకటి వేశాడు. మళ్ళీ ఠక్కుమంది. గొంతు లేదని అతనూ ఒప్పుకున్నాడు. గాలివానకి ఇంటిమీద పడుతుందేమోనని చిట్టెమ్మే దగ్గరుండి కొట్టించింది. రేపెవరైనా అడిగితే చూపించడానికని, చెట్టు పుచ్చిందని ఫల్గుణ రాసుకొచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసింది. పైగా ఇల్లు కాపాడాడని కోడిని కోసి సామల అన్నం పెట్టింది. అతను తిన్నాడు. మారు కూడా వడ్డించుకున్నాడు.

చెక్క రెండేళ్ళు ఆరింది. గిటారు తయారైంది, అతని చేతిలోంచి అంతకుముందెప్పుడూ అంత మంచిది రాలేదు. పావని షెడ్డులో కూర్చుని కాసేపు వాయించి, మొదటి పాట ఆ చెట్టు పుట్టిన చోటే పాడతాను, వీడియో తీసుకుందాం అంది. రోడ్డు బాగాలేదన్నాడు ఫల్గుణ. వానలు దగ్గర పడ్డాయన్నాడు. అక్కడ సిగ్నల్ ఉండదన్నాడు. వీడియోకి సిగ్నల్‌తో పనేమిటని ఆమె నవ్వింది. సాకులన్నీ అయిపోయాక జీపెక్కాడు.

గూడెంలో దిగగానే ఏదో తేడాగా అనిపించింది. ఊరు బోడిగా ఉంది. చిట్టెమ్మది పోగా ఇంకా అయిదు పనసలుండాలి. ఒక్కటే కనబడింది. మిగతావి ఏవని అడిగితే సోంబరు గర్వంగా చెప్పుకొచ్చాడు. నిరుడు వేసవిలో అన్న నేర్పిన విద్యతోనే అన్నిటినీ తట్టి చూశాడట. నాలుగింటికి గొంతు లేదట. పడి ఎవరి ప్రాణమో తీయకముందే కొట్టేసి, వంటచెరుకు చేసుకున్నారట. మిగిలిన ఒక్కదానికి మాత్రం అద్భుతమైన గొంతట. ఎండపొద్దు అంగన్‌వాడీ పిల్లలందరూ దాని కిందే కూర్చుంటారట.

ఫల్గుణ అటు చూశాడు. అంగన్‌వాడీ షెడ్డు మీదికి వాలి ఉంది ఆ చెట్టు. కింద ఎనిమిదిమంది పిల్లలు కోడిగుడ్లు ఒలుచుకుంటున్నారు. ఇంకేం, నేనూ అక్కడే కూర్చుంటానని పావని గిటారు తీసుకుని బయల్దేరింది. చిట్టెమ్మ అరుగుమీంచి లేచి మెల్లగా వెనకాలే వచ్చింది. పావనికి చూపించుకోవాలనే సరదా కొద్దీ సోంబరు కొయ్యముక్కతో మాను మీద కొట్టాడు.

బొంయ్‌మంది. నడుమంతా డొల్ల.

ఒడిశా వైపు కొండమీద మబ్బు నల్లగా దిగుతోంది. గాలి మొదలైంది. ఫల్గుణ ముందు దొడ్డిదారే వెతికాడు, అదే కదా అలవాటు. వేళ్ళు వదులైనట్టున్నాయనీ, ఈ గాలికి పిల్లల్ని అక్కణ్ణుంచి లేపితే మంచిదనీ అన్నాడు. సోంబరు నవ్వాడు.

"ఏటన్నా, నువ్వే గదా నేర్పినావు. దీనికున్న గొంతు ఊళ్ళో ఏ సెట్టుకీ నేదు."

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. చీటీ, పేరు, పావని ముందు గౌరవం, అన్నీ దక్కుతాయి. చెట్టు కింద ఒక పిల్ల గుడ్డులోని పచ్చసొన తీసి చెల్లెలి నోట్లో పెడుతోంది. ఫల్గుణకి సిగ్గుతో చెవులు మండిపోయాయి. బెంగుళూరు వెళ్ళాక వదిలేసిన యాస దానంతటదే నోట్లోకి వచ్చింది.

"నానబద్దమాడినాను తమ్ముడూ. తిరగేసి సెప్పినాను. ఠక్కుమన్నదే మంచి సెట్టు. గొంతున్నది డొల్ల. పెద్దమ్మ సెట్టు నిక్షేపంలాగుండేది. నాకు కర్ర కావాల్సొచ్చి అలా సెప్పినాను."

పావని గిటారు కంతలోకి చూసింది, చీటీ చదువుకుంది, పెట్టెలో పెట్టి మూత వేసేసింది. ఫల్గుణ మాను దగ్గరికి వెళ్ళబోతే సోంబరు అడ్డంగా నిలబడ్డాడు.

"సెయ్యెయ్యకు. అప్పుడు సెప్పింది అబద్దమా, ఇప్పుడు సెప్పింది అబద్దమా? ఈ సెట్టు కూడా కావాలా నీకు?"

తన మాటకి ఊళ్ళో ఇక విలువ లేదని ఫల్గుణకి అర్థమైంది. గునపంతో పొడిచి చూసుకొమ్మని మాత్రం అన్నాడు. సోంబరు ఇంట్లోంచి గునపం తెచ్చి, కొమ్మ చీలిన చోట బలంగా పొడిచాడు. గునపం సగానికి సగం దిగబడింది. బయటికి లాగితే చెదలతో పాటు గోధుమరంగు పొడి జలజలా రాలింది. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు చిట్టెమ్మ అరుగు మీదికి పరిగెత్తారు. మగవాళ్ళు తాళ్ళ కోసం వెళ్ళారు. ఫల్గుణ ఒక తాడు పట్టుకోబోతే, ఎవరో ఏమీ అనకుండానే చేతిలోంచి తీసేసుకున్నారు.

చిట్టెమ్మ కదలకుండా అక్కడే నిలబడి ఉంది. అతను వెళ్ళి ఆవిడ ముందు తలొంచుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. ఉమ్మేసినా తుడుచుకోకూడదని కూడా అనుకున్నాడు.

"అయితే నా సెట్టు పుచ్చనేదా?" అంది.

"నేదు పెద్దమ్మా."

"మరైతే నాను సంపనేదా?"

అతనికి అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. చెట్టు పోయాక, పుచ్చెందుకు పట్టిందా అని ఆలోచించి ఆలోచించి, రోజూ వేడి గంజి దాని మొదట్లో వంపేదాన్ని కదా అని గుర్తు తెచ్చుకుందట. ఆ మాట నోరుజారి నలుగురితో అంది. మరుసటేడు మిగతా చెట్లకీ గొంతు పోయిందనేసరికి ఇదంతా చిట్టెమ్మ చేతి చలవేనన్నారు. అప్పట్నుంచీ విత్తనాల బుట్ట ఆవిణ్ణి ముట్టుకోనివ్వడం లేదు. మొక్క నాటేటప్పుడు అటు రావొద్దంటున్నారు. సోంబరు పెళ్ళాం కూడా పెరట్లో పాదు పెట్టేటప్పుడు అత్తని లోపల ఉండమంటుంది. తప్పు తనదే కాబట్టి ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు.

చెప్తూ చెప్తూ ఉండగానే ఆ ముడతల మొహం విప్పారింది. ఆవిడకి కోపం రాలేదు. ఎంతో సంతోషం వచ్చింది. ఆ సంతోషం చూసేసరికి ఫల్గుణకి భూమి చీలి లోపలికి తీసుకుపోతే బాగుండుననిపించింది.

చిట్టెమ్మ అతని మణికట్టు పట్టుకుంది. బేగి రమ్మని లాక్కుంటూ మొదటి ఇంటికి తీసుకెళ్ళింది.

"ఇదిగో సూడండి, నాను సంపనేదంట. ఈ గుంటడు అబద్దమాడినాడంట. సెప్పరా, నువ్వే సెప్పు."

ముప్ఫయ్యారేళ్ళ గుంటడు చెప్పాడు. ఆ ఇంటివాళ్ళు నమ్మక మళ్ళీ మొదటినుంచీ అడిగారు, మళ్ళీ చెప్పాడు. రెండో ఇంట్లోనూ చెప్పాడు. మూడో ఇంటికి వచ్చేసరికి కాస్త అలవాటవుతుందనుకున్నాడు. కాలేదు. ఆవిడ మాత్రం ప్రతిసారీ అప్పుడే మొదటిసారి వింటున్నట్టు అతని నోటికేసి చూస్తూ తలాడిస్తోంది. చినుకులు పడుతున్నా చెయ్యి వదల్లేదు. నాలుగో ఇంటి తలుపు తట్టింది. ఊళ్ళో ఇంకా పద్దెనిమిది ఇళ్ళున్నాయి.