తెలిసినవి ముందు

సాయంత్రం ఆరింటికి ఇంజనీరింగ్ సీట్ల వెబ్ ఆప్షన్లు మూసేస్తారు. నాలుగున్నరకు మహేశ్వరి ప్రింటవుట్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. రెండేళ్ల క్రితం నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. వాళ్ల నాన్న సింహాద్రి సముద్రం మీద వేటకు వెళతాడు. ఓడలు కట్టే ఇంజనీరింగ్ చదవాలని ఆ అమ్మాయి బళ్లో ఉన్నప్పటి నుంచీ అంటోంది. ఆ కోర్సు యూనివర్సిటీలో ఉంది. ఆమె ర్యాంకుకు సీటు రావచ్చు, రాకపోవచ్చు.

ద్వారకా నగర్ నెట్ సెంటర్లో ఆప్షన్లు తనే పెట్టుకుందట. కాగితం చూశాను. మొదటిది ఎలమంచిలి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ. రెండోది యూనివర్సిటీ.

ఇలా ఎందుకు పెట్టావని అడిగాను.

"మీరే సెప్పేరు కదండి, తెలిసినవి ముందు రాసీమని. తప్పకుండా వచ్చీది ముందెట్టీసేను."

ఇరవై రెండేళ్లుగా ప్రతి పరీక్షకూ నేను చెప్పే మాటే అది. కానీ పేపరు దిద్దేవాళ్లు అన్ని జవాబులూ చదువుతారు. ఇక్కడ కంప్యూటర్ పైనుంచి చూస్తూ, మొదట దొరికిన సీటు ఇచ్చి ఆగిపోతుంది. రెండోదాని దాకా రానే రాదు. ఆ సంగతి చెబితే పిల్ల వెంటనే మార్చాలని నా ఫోనులో సైటు తెరిచింది.

కానీ పాస్‌వర్డ్ మరిచిపోయింది. కొత్తది కావాలంటే ఓటీపీ వాళ్ల నాన్న ఫోనుకు వెళుతుంది. ఆయన వేటలో ఉన్నాడు, ఫోను అందడం లేదు.

ఇంట్లో కూర్చోలేక, పడవ వచ్చే హార్బర్‌కే వెళదామనుకున్నాం. బయలుదేరే ముందు నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ దగ్గరకు వెళ్లాను. తలుపు మీద కాగితం అలాగే ఉంది. మావారికి గుండె జబ్బని తెలిసినప్పుడు నేనే రాసి అంటించాను, రెండు ఆసుపత్రుల నంబర్లు. ఒకటి కాకపోతే ఇంకొకటని. రెండు నెలల క్రితం ఆయనకు గుండెపోటు వచ్చిన ఉదయం ఒకదానికి ఫోన్ చేశాను. అంబులెన్స్ బయలుదేరిందన్నారు. రెండోది పెద్దది కదా అని దానికి చేసి, మొదటిదాన్ని వద్దన్నాను. రెండోది వచ్చేసరికి ఆలస్యమైంది.

ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద అటూ ఇటూ తిరుగుతూ ఫోన్ చేస్తూనే ఉన్నాం. చేపలమ్మే గంగాలమ్మ మమ్మల్ని చాలాసేపు చూసింది.

"ఏటే మయేసూ, పెళ్లివోరి కోసం సూసినట్టు సూత్తన్నావ్?"

మహేశ్వరి మళ్లీ నంబరు నొక్కింది. ఐదూ ఇరవైకి ఫోను మోగింది. పడవ ఇంకా నీళ్లలోనే ఉంది. ఇంజను చప్పుడులో సింహాద్రి ఒక్కొక్క అంకే అరిచి చెప్పాడు. మొదటి ఓటీపీకి గడువు దాటిపోయింది. రెండోది పనిచేసింది. యూనివర్సిటీని పైకి తెచ్చాను.

"ఎలమంచిలి తీసీండి, టీచర్. అదొస్తే నాన జేరిపోమంటాడు. ఏదీ రాకపోతే మళ్లీ ఎంట్రన్స్ రాస్తాను."

నాకూ తీసేయాలనే అనిపించింది. వేలు దాని మీదే ఉంది. ఫ్రిజ్ మీది ఆ కాగితంలో నంబర్లు రెండుండడం తప్పు కాదు. ఏది ముందో నేను రాసుకోలేదు.

కింద ఉంటే అది పైదానికి అడ్డు రాదని, చేరాలో వద్దో తర్వాత నాన్నతో మాట్లాడుకోవచ్చని చెప్పాను. తనచేతే ఒకటి, రెండు అని పైకి చదివించాను. తనే సరేనంది. ఐదూ నలభై ఒకటికి, ఇక మారకుండా ఫ్రీజ్ చేశాం.

పడవ కట్టి సింహాద్రి తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు.

"సీటొచ్చీసినట్టేనేటి, టీచరుగారూ?"

"ఇంకా లేదు, సింహాద్రీ. అడగడం అయింది."