ఒకే పూత

ఇత్తడి ముక్కను మెత్తటి గుడ్డతో తుడుస్తున్న నూరుగారి చెయ్యి ఆగిపోయింది. నిన్న పరిశోధక విద్యార్థిని తెచ్చిన నమూనాతో పాటు పూత వేసిన ముక్క నిండు నీలంగా ఉంది. పక్కనున్న, పోయిన నెల పూత వేసిన ఇత్తడి ముక్క ఇంకా ఊదా రంగులోనే ఉంది. యంత్రంలో పెట్టే ముందు వేసే కార్బన్ పూత ఎంత మందంగా పడిందో ఇత్తడి రంగే చెబుతుంది; ఊదా కన్నా నీలం మందం.

ప్రయోగశాలలో అందరూ ఆయన్ను నూరుగారనేవారు. ఎలక్ట్రాన్ పుంజాన్ని గురిపెట్టి ఏ మూలకం ఎంతుందో కొలిచే యంత్రం ముందు ముప్ఫై రెండేళ్లుగా కూర్చున్న మనిషి. అన్నీ కలిపితే నూరు శాతం దగ్గరకు రాకపోతే కాగితం చేతికిచ్చేవాడు కాదు. జీతం పెరక్కపోయినా ఊరుకునేవాడు గానీ, మొత్తం తొంభై ఎనిమిది దగ్గర ఆగితే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆక్సైడ్లలో చాలామంది లోహాన్ని కొలిచి, దాన్నిబట్టి ఆక్సిజన్‌ను లెక్కకట్టి ఊరుకుంటారు. ఈ పరిశోధక విద్యార్థిని మాత్రం ఆక్సిజన్‌నే కొలవమంది. అది లెక్క కన్నా తక్కువుంటేనే ఆమె మూడేళ్ల పని నిలబడుతుంది. నిన్న తక్కువే వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోయింది. మొత్తం తొంభై ఎనిమిదే అయినా ఆయన కాగితం ఇచ్చేశాడు.

తప్పు తనదే. ఆక్సిజన్ నుంచి వచ్చే కిరణాలు బలహీనమైనవి; పైనున్న పూత రవ్వంత మందమైనా వాటిని మింగేస్తుంది. అందుకే నమూనానూ, దానితో పోల్చి చూసే ప్రామాణిక ముక్కనూ పక్కపక్కన పెట్టి ఒకేసారి పూత వేయాలి. నిన్న ఛాతీలో పట్టేసినట్టుండి, పోయిన నెల పూత వేసిన ప్రామాణిక ముక్కతోనే సరిపెట్టాడు. నోరు మూసుకుంటే ఎవరూ కనిపెట్టరు. ఆ ఊహ వచ్చినందుకే ఆయనకు సిగ్గేసింది.

అమ్మాయి రాగానే చెప్పాడు. “అమ్మా, నిన్నటి కాగితం చెల్లదు. పొరపాటు నాది.”

“మా సార్‌కి చూపించేశానండీ,” అంది ఆమె, కుర్చీలో కూలబడి.

“రెండిటికీ ఒకే పూత వేసి మళ్లీ చూద్దాం.”

పాత పూతలు అరగదీసి, రెండిటినీ కలిపి పూత వేసి, సాయంత్రం దాకా కొలిచాడు. ఆక్సిజన్ సరిగ్గా లెక్క ప్రకారమే వచ్చింది. మొత్తం నూరు. ఆ అంకె చూసి ఆయనకు ఏడుపు రావడం అదే మొదలు.

“మీరు చెప్పకపోతే ఏమయ్యేది?” అంది ఆమె.

“రేపు ఇంకెవరో కొలిచి కాదంటే, అప్పుడు నీ మాట ఎవరు వింటారమ్మా? ఇంకా ఎక్కువ వేడిలో కాల్చిన నమూనా ఒకటుందన్నావుగా. అందులో ఆక్సిజన్ నిజంగానే తగ్గి ఉండొచ్చు. పొద్దున్నే పట్రా. నేను అన్నీ సర్ది ఉంచుతా.”

ఆమె సంచీ విసురుగా భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆయన ఇంకో అరగంట ఉండి, గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగాడు.

మరునాడు ఆమె నమూనా తీసుకుని, క్షమించమని అడుగుదామని పెందలాడే వచ్చింది. తలుపు తీసిన కాపలాదారు తల దించుకున్నాడు.

“నూరుగారు పోయారమ్మా. తెల్లారి లేవలేదంట. వాళ్లావిడ ఫోన్ చేసింది.”

ఆమె లోపలికి నడిచింది. పూత యంత్రం గాజు మూత కింద ప్రామాణిక ముక్క ఉంది. దాని పక్కన నమూనాకు సరిపడా ఖాళీ వదిలి ఉంది. ఆ ఖాళీకి అవతల, అద్దంలా మెరుగుపెట్టిన ఇత్తడి ముక్క పూత తగలక ఇంకా పసుపు రంగులోనే ఉంది.