తేజు నుంచి దొనకొండకు మూడు గంటలు

మా అన్న ఇమ్మానుయేలు తెల్లవారకముందే పోయాడు. అతని ఒక్కగానొక్క కూతురు రెబ్కా అరుణాచల్‌లోని తేజులో నర్సు. దూరాన ఉన్నవాళ్ళకు మావాళ్ళు చావు కబురు ఫోన్‌లో చెప్పరు. బాగోలేదు, బయల్దేరమంటారు. ఆ మాట చెప్పే పని సంఘపెద్ద జక్రయ్యది. ఆయన చెప్పేశాడు.

కూతురు ముఖం చూశాకే పెట్టెకి మూత వెయ్యాలి. ఎప్పటికి వస్తుందో తెలియాలిగా! మా అబ్బాయి ప్రభు ఫోన్‌లో వెతికాడు. తేజులో చిన్న విమానాశ్రయముంది, మా వైపు దొనకొండలో ఒకటుంది. రెంటికీ మధ్య రెండు వేల చిల్లర కిలోమీటర్లు, ప్రయాణం మూడు గంటలని చూపించింది.

"మూడు గంటలేగా. సాయంత్రం నాలుగింటికి సమాధి పెట్టుకుందాం" అన్నాడు జక్రయ్య.

"దొనకొండలో విమానాలు దిగుతున్నాయా?" అన్నాను.

"బ్రిటిషోళ్ళ నాటిదమ్మా. మళ్ళీ తెరుస్తామన్నారుగా, తెరిచుంటారు. లేకపోతే టైమెందుకు రాస్తారు?"

అక్కడ విమానం దిగగా చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. అయినా ఫోన్‌లో ఉందంటే మావాళ్ళకి బైబిలు వాక్యమే. రెబ్కాకి మరోసారి ఫోన్ చేద్దామంటే, వెనక ఏడుపు వినపడుద్దని జక్రయ్య చెయ్యనివ్వలేదు. మిరప కోతలు ఆపుకుని వచ్చినవాళ్ళంతా పందిట్లో కూర్చున్నారు. కరెంటు పోయి వస్తోంది. ఐసు పెట్టె మీద నమ్మకం లేదు.

మధ్యాహ్నం ప్రభు బండేసుకుని దొనకొండ వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, ఇక్కడ మేకలు మేస్తున్నాయే. విమానమేదని అడిగితే కాపరి నవ్వాడు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరినీ అడక్కుండా రెబ్కాకి కలిపాను.

"అత్తా, అస్సాంలో రైలెక్కాను. మూడో రోజుకి వచ్చేస్తా. నాన్నకి దగ్గు తగ్గిందా? ఇక్కడి టీ పొడి తెస్తున్నా."

"విమానంలో రాలేదేమే?"

"పొద్దున టికెట్టు తీశానత్తా. కాస్త నలతే, కంగారేం లేదని జక్రయ్యగారు అన్నారుగా. రద్దు చేసుకున్నా. దాంట్లో వచ్చుంటే గౌహతి మీదుగా రేపు పొద్దుటికల్లా ఇంట్లో ఉండేదాన్ని."

రేపు పొద్దుటిదాకా ఎలాగోలా ఆగేవాళ్ళం. జక్రయ్య చెయ్యి ఊపుతున్నాడు, చెప్పొద్దని. ఇంకా ఏం దాచమంటావయ్యా?

"మీ నాన్న పోయాడమ్మా. పొద్దున్నే పోయాడు" అన్నాను.

"ముఖం చూపించత్తా" అంది.

వీడియో పెట్టి అన్న ముఖం మీదికి పట్టాను. ఇంకా దగ్గరగా పెట్టమంది. వంగాను. ఆ పిల్ల ఏడవలేదు, చూస్తూ ఉంది. కొద్దిసేపటికి బొమ్మ కదలడం ఆగిపోయింది, మాట కూడా రాలేదు.

నాలుగైంది. మూత పట్టుకుని నలుగురు నిలబడ్డారు.

"లైను పోయిందమ్మా, ఫోను తీసెయ్" అన్నాడు జక్రయ్య.

"ఉండు, మళ్ళీ కలుస్తుందేమో" అన్నాను. చేతులు లాగేస్తున్నా ఫోను అలాగే పట్టుకున్నాను.