రిపోర్టులో వస్తాదమ్మా

మోచేతి మడతలో నరం దొరకలేదు. ఆనందకుమార్ రబ్బరు పట్టీ విప్పి, ముసలాయన ముంజేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు. డిసెంబరు చలికి నరాలు లోపలికి పోతాయి. బయట గోపాలపట్నం మార్కెట్లో ఆటోల మీంచి కూరగాయల బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. ముసలాయన కళ్లు గట్టిగా మూసుకుని తల గోడవైపు తిప్పుకున్నాడు. చెయ్యి కాస్త వెచ్చబడ్డాక ఆనందకుమార్ మళ్లీ పట్టీ బిగించి చూపుడువేలితో తడిమాడు. కంటికి కనబడని నరం వేలికి తగిలింది.

"అయిపోనాది తాతా. కళ్లు తెరవండి."

"గుచ్చీసినావేటి?"

"గుచ్చీసి తీసీసినాను కూడాను."

"సుగరెంతుంటాదంటావు?"

"రిపోర్టులో వస్తాదండి."

ఆ మాట అతను రోజూ అనేదే. కుర్రతనంలో మిషన్ ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా ఉంటూ నర్సుల దగ్గర సూది వెయ్యడం నేర్చుకున్నాడు. తర్వాత ఒక ల్యాబులో చేరి, ఇళ్లకి వెళ్లి రక్తం తీసే పనిలో స్థిరపడ్డాడు. చేరిన రోజున ల్యాబు డాక్టరు చెప్పింది ఒక్కటే: "తియ్యడం వరకే నీ పని. అందులో ఏముందో చెప్పడం నీ పని కాదు." ఆనందకుమార్ దాన్ని బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు. ఇప్పుడతనికి యాభై నాలుగేళ్లు. సన్నటి మనిషి, చెంపలు లోపలికి పోయి ఉంటాయి. గోళ్లు మాత్రం పెళ్లికొడుకు గోళ్లలా కత్తిరించి శుభ్రంగా ఉంచుకుంటాడు. విశాఖపట్నం అతనికి పడకగదుల ఊరు. ఏ ఇంట్లో దోమతెర ఎప్పుడు విప్పుతారో, ఏ దంపతులు వేరు వేరు గదుల్లో పడుకుంటారో అతనికి తెలుసు. కానీ దారిలో ఎదురైతే అతన్నెవరూ గుర్తుపట్టరు. అతను పక్కన కూర్చున్నంతసేపూ వాళ్లు కళ్లు మూసుకునో, గోడకేసి చూస్తూనో ఉంటారు కదా.

ఐస్ పెట్టెని స్కూటర్ ముందు పెట్టుకుని సీతమ్మధార వెళ్లాడు. అక్కడ మేడ మీది వాటాలో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఇంద్రజ, సత్యశ్రీ. ఇద్దరూ స్టీల్ ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని రిటైరయ్యారు. పెళ్లిళ్లు చేసుకోలేదు. క్వార్టర్లు ఖాళీ చేశాక కలిసి అద్దెకి దిగారు. ఇంద్రజ సుగరు పరీక్షకి అతను మూడు నెలలకోసారి వస్తూనే ఉంటాడు. ఇవాళ పని వేరు.

ఉద్యోగుల సంఘంతో ఒకసారి థాయిలాండ్ చూసొచ్చినప్పటినుంచీ ఇద్దరికీ అక్కడికే పోయి ఉండాలని మనసైంది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, ఇక్కడి అద్దెకే అక్కడ ఇల్లు. అక్కడి ఎండకని ఇద్దరూ ముందే గడ్డి టోపీలు కొని తలుపు వెనక మేకులకి తగిలించుకున్నారు. అయితే రిటైరైనవాళ్లకిచ్చే ఏడాది వీసా కావాలంటే ఆసుపత్రి ఖర్చులు భరించే బీమా చూపించాలి. అరవై దాటినవాళ్లకి కంపెనీలు చెప్పే ప్రీమియం పెన్షన్‌లో సగం మింగేసేలా ఉంది. ట్రావెల్ ఆఫీసు నడిపే అశోక్ వెతగ్గా వెతగ్గా ఒక కంపెనీ దొరికింది. పరీక్షలన్నీ బాగుంటే వీళ్లు భరించగలిగే ప్రీమియానికే పాలసీ ఇస్తుంది. వీసాకి కావలసిన సర్టిఫికెట్టూ ఇస్తుంది. ఆ పరీక్షల రక్తం కోసమే ఆనందకుమార్ వచ్చాడు.

ఇంద్రజ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడింది. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. జుట్టు కత్తిరించుకుంటుంది.

"ఆనందం, ఓ మాట చెప్తాను, కాదనకు. నాకు సుగరుందని నీకు తెలుసు. సత్యకి ఏ జబ్బూ నేదు. దాని దగ్గరే రెండుసార్లు తీసీ. ఒకటి నా పేరున రాసీ. రెండూ ఎర్రగానే ఉంటాయి కదా."

ఆనందకుమార్ సూది కవరు చింపబోతున్నవాడు ఆగాడు.

"అలగ సేయనమ్మా."

"ఎవలికి తెలుస్తాదేటి?"

"ఇప్పుడు తెలీదు. రేపక్కడ మీకు సుగరు పెరిగి పడిపోతే ఆసుపత్రోళ్లు మళ్లీ నెత్తురు తీస్తారు కదమ్మా. అప్పుడీ పాలసీ ఎందుకూ పనికిరాదు."

"పడిపోతే కదా!" ఇంద్రజ గొంతు లేచింది. "ఇక్కడ నేనందరికీ పిన్నినే, అత్తనే. ఏ ఇంట్లో పురుడొచ్చినా, ఎవరికి ఆపరేషనైనా నాకే ఫోను. నీకేం పిల్లలా, పనులా అంటారు. అక్కడైతే నేనెవరికీ ఏటీ కాను. నాకది చాలు. దానికి అడ్డం ఓ చెంచాడు రక్తమా?"

సత్యశ్రీ మంచం అంచున కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది. పొడుగాటి మనిషి, గొంతు మాత్రం మెత్తన. ఒకప్పుడు ఆ గొంతు వినడానికే కొందరు ఇంజనీర్లు ఊరికే ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసేవారని ఇంద్రజ చెబుతుంటుంది.

"వదిలీ ఇంద్రా. నీ చెయ్యి నువ్వు ఇయ్యి."

ఇంద్రజ విసురుగా చెయ్యి చాపింది, మొహం తిప్పుకుంది. ఆనందకుమార్ ఆమె గుర్తింపు కార్డు చూసి, కంపెనీ అడిగినట్టు ఫోటో తీసుకుని, రక్తం తీశాడు. తర్వాత సత్యశ్రీకి పట్టీ కట్టాడు. ఆమె కళ్లు మూసుకోలేదు. సూది దిగడం, గొట్టం నిండడం మొత్తం చూసింది. తర్వాత అతని మొహం చూసింది.

"నీకుందా ఆనందం, బీమా?"

"నేదమ్మా."

"ఎక్కడికైనా పోవాలనుకున్నావా ఎప్పుడైనా?"

ఆనందకుమార్ దూది అదిమిపట్టి ఆలోచించాడు. ఆ ప్రశ్న అతన్నెవరూ అడగలేదు. "రాజమండ్రి దాకా ఎల్లినానమ్మా, పెళ్లికి," అన్నాడు.

"ఎవరి పెళ్లికి?"

"నా పెళ్లికేనమ్మా."

సత్యశ్రీ నవ్వింది. వంటింట్లోకి వెళ్లిపోయిన ఇంద్రజ గిన్నెలు గట్టిగా పెట్టింది.

అతను ల్యాబు మెట్లెక్కుతుంటే అశోక్ ఫోన్ చేశాడు.

"ఏటి బావా, మేడమ్ కోపంగా ఉన్నారు! చిన్న పని కదా. నీకు నా కేసులు ఒద్దేటి?"

"అలాటి పనైతే ఒద్దు బావా," అన్నాడు ఆనందకుమార్. అశోక్ ఫోన్ పెట్టేశాడు. ఆనందకుమార్ రక్తం గొట్టాలు లోపల అప్పగించి, మళ్లీ ఎండలోకి బయల్దేరాడు. మధ్యాహ్నం భార్య దీవెనమ్మ కట్టిచ్చిన వంకాయ కూర, అన్నం ల్యాబు వెనక మెట్ల మీద కూర్చుని తిన్నాడు. దీవెనమ్మ చర్చి బడిలో ఆయా. పిల్లలు పుట్టలేదు. పుట్టి ఉంటే ఏం పేర్లు పెట్టేవాళ్లమని మొదట్లో మాట్లాడుకునేవారు. కొన్నేళ్లకి ఆ మాట దానంతటదే ఆగిపోయింది.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే ల్యాబు టెక్నీషియన్ ఉదయ్‌కుమార్ పిలిచాడు.

"బావా, సీతమ్మధార ఇన్సూరెన్సు కేసులో పొడుగావిడ ఎలగుంది? నడుస్తందా?"

"నడుస్తంది. ఏటి?"

"క్రియాటినిన్ ఆరు దాటిపోనాది. మిషను తప్పేమో అని మళ్లీ సేసినాను. అదే వచ్చింది. కిడ్నీలు పోనాయి బావా."

"రిపోర్టు ఎల్లిపోనాదా?"

"కంపెనీకి ఎల్లిపోనాది. మనిషికివ్వం కదా. పాలసీ రాలేదని వాళ్లే సెప్తారు."

"ఎందుకు రాలేదో సెప్తారేటి?"

ఉదయ్‌కుమార్ భుజాలెగరేసి కంప్యూటర్ వైపు తిరిగాడు.

దీవెనమ్మ చేపలు తెమ్మంది. జాలరిపేటలో పడవల పక్కన చేపలమ్మే పోతమ్మ దగ్గర కానాగంతలు కొన్నాడు. ఆమె పొలుసు గీకి ముక్కలు కోస్తుంటే నిలబడి చూశాడు. చిల్లర తీసుకోకుండానే వెళ్లిపోతుంటే పోతమ్మ కేకేసి పిలిచి ఇచ్చింది. ఇంటికని గోపాలపట్నం వైపు తిరగాల్సిన చోట స్కూటర్ సీతమ్మధార వైపు తిరిగింది. దారంతా అతను ఏమీ అనుకోలేదు. మేడ మెట్లెక్కాక మాత్రం చేతిలో చేపల సంచి ఉన్నట్టు తెలిసింది. దాన్ని చెప్పుల పక్కన పెట్టి బెల్లు కొట్టాడు.

సత్యశ్రీ తలుపు తీసింది. ఇంద్రజ గుడికెళ్లిందని చెప్పింది. పొద్దున్న తప్ప ఎన్నడూ రాని మనిషిని ఎగాదిగా చూసింది.

"మళ్లీ తియ్యాలా?"

"కాదమ్మా." అతను కూర్చోలేదు. "మీరు రేపు కిడ్నీ డాక్టరు దగ్గరికి ఎల్లాల. ఎల్లుండి కాదు, రేపే."

కింద వీధిలో చామంతిపూలావిడ కేక వేసుకుంటూ పోయింది.

"నాకా? ఇంద్రకా?"

"మీకేనమ్మా."

"నేనేనాడూ మందు మింగలేదే," అంది సత్యశ్రీ. మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "నొప్పి బిళ్లలు తప్ప. మెడికల్ షాపు కుర్రాడిచ్చేవి. రోజూ రెండు."

"అవే కిడ్నీలని తినేస్తాయమ్మా. ఇంక ఏసుకోకండి."

"అయితే పాలసీ రాదు."

"రాదమ్మా. ఇప్పుడు దాని సంగతి ఒగ్గీండి."

"నువ్విలా వచ్చి చెప్పొచ్చా?"

"కూడదమ్మా."

ఆమె లేచి మంచినీళ్లు తెచ్చింది. "ఇంద్రకి నేనే చెప్తాను. నువ్వు చెప్పావనను," అంది. తర్వాత, "కాఫీ పెడతానుండు."

"ఒద్దమ్మా. బయట సేపలున్నాయి. పిల్లి వస్తాది."

సత్యశ్రీ ఒక్కసారిగా నవ్వేసింది, కళ్లు తుడుచుకుంది. "పొద్దున నువ్వు నా రక్తం ఇంద్ర పేరున రాసుంటే ఇద్దరం ఒకేసారి మునిగేవాళ్లం," అంది.

సంగతి బయటపడకుండా ఉండలేదు. మొదటి వారం ఇంద్రజ కోపమంతా ల్యాబు మీదికే మళ్లింది. ఆ రిపోర్టు తమకెందుకివ్వలేదని డాక్టరుతో దెబ్బలాడింది. చెప్పిందెవరో సత్యశ్రీ అనకపోయినా ఆమె ఊహించుకుంది, ఆ గొడవలో అతని పేరు నోరు జారి బయటపడింది. డాక్టరు ఆనందకుమార్‌ని పిలిచి నిలబెట్టి అడిగాడు. అతను అవునన్నాడు, క్షమించమనలేదు. బీమా కేసులు అతని నుంచి తీసేశారు. అశోక్ ఎలాగూ అప్పటికే వేరే మనిషిని చూసుకున్నాడు.

ఇంద్రజకి మాత్రం పాలసీ వచ్చింది. సుగరు వల్ల వచ్చే జబ్బుల ఖర్చు మినహాయించి, కొంచెం ఎక్కువ ప్రీమియంతో ఇచ్చారు. వీసా కూడా వచ్చింది. ఆ పాస్‌పోర్టుని ఆమె బీరువాలో చీరల అడుగున పెట్టింది, వెళ్లే మాటెత్తలేదు. సత్యశ్రీకి వారానికి రెండుసార్లు డయాలసిస్ పెట్టారు. రక్తం తియ్యడానికి ఆనందకుమారే వెళ్లేవాడు. చేతులు కమిలిపోయి నరం దొరకడం కష్టమయ్యేది. అతను ఆమె చెయ్యి అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతుంటే, ఆమె ఎక్స్ఛేంజీ రోజుల గొంతుతో, "లైన్ కలుపుతున్నాను, దయచేసి వేచి ఉండండి," అనేది. ఇంద్రజ పక్కనే కూర్చుని చూసేది. ఇప్పుడు మొహం తిప్పుకునేది కాదు.

"నువ్వెళ్లు ఇంద్రా," అని సత్యశ్రీ అతని ముందే చాలాసార్లు అంది. "వీసా గడువు తీరిపోతాది."

"తీరనీ."

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, ఆసుపత్రి నుంచి వస్తున్న ఆటోలో, సత్యశ్రీ ఇంద్రజ భుజం మీద తల పెట్టి పడుకుంది. ఇల్లు వచ్చాక లేవలేదు. ఆ కబురు ఆనందకుమార్‌కి మర్నాడు తెలిసింది. ల్యాబు జాబితాలో అతని పేరుకెదురుగా ఉన్న ఆ ఇంటి పని కొట్టేసి ఉంది. ఆ నెలాఖరుకి ఇంద్రజ వెళ్లిపోయింది. ఒక్క పెట్టెతో వెళ్లిందనీ, ఆటో ఎక్కేటప్పుడు ఎవరినీ సాయానికి రానివ్వలేదనీ కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు ఆదిలక్ష్మమ్మ చెప్పింది. ఆవిడ రక్తం తియ్యడానికే ఆనందకుమార్ తర్వాతి వారం ఆ ఇంటికి వచ్చాడు.

"నీకోసం బీపీ మిషనేదో పైన ఉంచానంది బాబూ. తీసుకుపో. తలుపు తీసే ఉంది, సున్నాలేస్తన్నారు."

అతను పైకి వెళ్లాడు. గదులు ఖాళీగా ఉన్నాయి. మంచాలున్న చోట నేల వేరే రంగులో కనబడుతోంది. బీపీ మిషను కిటికీ గట్టు మీద ఉంది, దాని మీద అతని పేరు రాసి ఉంది. తీసుకుని వెనక్కి తిరిగాడు. తలుపు వెనక మేకుకి వెడల్పాటి అంచుల గడ్డి టోపీ ఒకటి వేలాడుతోంది, ఎండలో తిరిగేవాళ్లు పెట్టుకునేది. పక్కనున్న రెండో మేకు ఖాళీగా ఉంది. టోపీ లోపలి పట్టీకి దుకాణంవాళ్లు దారంతో కట్టిన ధర చీటీ ఇంకా తెంపలేదు.