మింగుడు గుంట

లాడ్జిలో దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికేది ఆమే. యాత్రికుల తడి తువ్వాలు చేతికొస్తే ముందు ముక్కుకు ఆనించుకునేది. ఉప్పు, నాచు, రాతి వాసన. మింగుడు గుంట వాసన. సబ్బు ఆ తర్వాతే.

సముద్రంలోకి చొచ్చిన కొండ కొనలో నిలువునా తొలిచినట్టుండే బిలం అది. అల అడుగునుంచి దూరితే నిండుతుంది, పోతే రాతి పళ్లు బయటపెడుతుంది. నిండే క్షణంలోనే దూకాలి. చిన్నప్పుడు ఆమె జట్టంతా అంచున ఒట్టికాళ్లతో నిలబడేది. అల రాగానే రాయి అరికాలికి వణుకు చెప్పేది. అంతే, దూకుడే. సాహసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు బూట్లతో దూకుతారు. వాళ్లకు రాయి మాట అందదు, ఈల కావాలి. ఆ ఈల వేసేది ఆమె మొగుడు.

ఆమెకు ఒక చెవిలో కర్ణభేరి పగిలాక నీళ్లలో దిగొద్దన్నాడు డాక్టరు. ఆ మాటను మొగుడు గోడకు మేకు దిగ్గొట్టినట్టు దిగ్గొట్టాడు.

మొన్న ఒకడు ఈల పడకముందే దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. గుంట మీద ఇనప వల బిగించమన్నాడు లాడ్జి యజమాని. లాడ్జి బోర్డు మీద గుంట బొమ్మేసుకుని ఇన్నాళ్లూ బతికినవాడికి ఇవాళ అది ప్రమాదమైపోయింది! అక్కడ ఈది పెరిగినవాళ్లను ఎవడడిగాడు?

వల బిగించేదీ మొగుడే. ఆమె తువ్వాళ్ల బుట్ట పక్కన పడేసి, అంచుకొచ్చి చెప్పులు విప్పింది.

"చెప్పులిప్పావేంటే? కొడతావా?"

"నిన్ను కొట్టడానికి చెప్పెందుకు, చూపు చాలు. ఒక్కసారి దూకుతా."

"రెండో చెవి కూడా పోతే నా తిట్లు ఎవరు వింటారు?"

"ఆ లాభం కోసమే."

అతను నవ్వలేదు. ఆపనూ లేదు. స్పానరు పట్టుకుని నిలబడ్డాడు.

రాయి వణికింది. ఆ వణుకు అరికాలి నుంచి గొంతుదాకా పాకింది. రాయి మరిచిపోలేదు! పాదాలు పదమన్నాయి, మోకాళ్లు మొరాయించాయి. మరో అల. కింద నీళ్లు పచ్చగా నిండి, ఆమె చూస్తుండగానే జారిపోయాయి.

"కాళ్లు రాలేదయ్యా," అంది. గుంటలోకి వంగి చూసి, "ఇవాళ," అంది.

ఇద్దరూ చెరో కొస పట్టి వల పరిచారు. అతను ఒక్కో బోల్టూ బిగించుకుంటూ చివరి మూలకొచ్చేసరికి ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"ఇది చేత్తో తిప్పు. చేత్తోనే ఊడాలి."

"ఒసేయ్, లాడ్జాయన చూస్తే నా పని ఊడుతుంది."

"ఆయనేనాడైనా ఇక్కడ కాలు పెట్టాడా?"

అతను స్పానరు జేబులో దోపుకున్నాడు. వేళ్లతోనే తిప్పి వదిలేశాడు.

ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. చెప్పులు చేత్తోనే పట్టుకుని, ఆ రాతి మీద మెల్లగా నడిచింది.