పొమ్మన్న ఊళ్లో

వెల్మా టార్‌బాక్స్ ఆపిల్ పళ్లను పాత గుడ్డతో తుడుస్తూ, దెబ్బ తగిలినవాటిని వేరే గంపలో వేస్తోంది. అలాంటి పళ్లను అడుగున దాచి అమ్మేవాళ్లు ఆ కొండప్రాంతంలో లేకపోలేదు. వెల్మా మాత్రం వాటిని ముందు వరసలోనే పెట్టి తక్కువకి ఇస్తుంది. మోసపోయినవాడు మళ్లీ కారు ఆపడు. నలిగిన పండును నలిగిన ధరకే కొన్నవాడు వచ్చే వారం వచ్చి మంచివి కొంటాడు. ఆమె లెక్కలన్నీ ఇంత సూటిగానే ఉంటాయి.

వెస్ట్ హార్లో అనే ఆ ఊరి నడుమ పచ్చికబయలు. ఒక పక్క తెల్లటి చర్చి, ఎదురుగా టౌన్ హాలు. టౌన్ హాలు ముందు పచ్చిక అంచున, రోడ్డు వంపు తిరిగేచోట వెల్మా అంగడి: రెండు బల్లలు, నాలుగు గుంజలు, పైన టార్పాలిన్. అక్కడ కార్లు ఎలాగూ నెమ్మదిస్తాయి కనుక ఆ వంపే ఆమె ఆస్తి. మనిషికి డెబ్బై దాటాయి. పొట్టిగా, వెడల్పాటి భుజాలతో, చలికి పగిలి ఎర్రబడిన బుగ్గలతో ఉంటుంది. చనిపోయిన అన్న ఉన్నికోటు ఆమెకు మోకాళ్ల దాకా వేలాడుతుంది. కుడిచేతి చిటికెనవేలు ముడుచుకోదు. పెళ్లి చేసుకోలేదు. వయసులో ఉండగా ఒక పాలవ్యాపారి అడిగాడు. అతని ఆవులను, తను చెయ్యాల్సిన చాకిరీని తూచి చూసుకుని వద్దంది. ఆ బేరం వదులుకున్నందుకు ఎప్పుడూ విచారించలేదు, కొన్ని చలికాలాల్లో తప్ప.

పొద్దెక్కాక మిసెస్ థేయర్ వచ్చింది. ఊరి చరిత్ర సంఘానికి ఆవిడే పెద్ద. శనివారం ఊరు వెలిసి రెండువందల యాభై ఏళ్లయిన పండుగ. ఆవిడ గుడ్లు ఎంచుకుంటూ మెల్లగా అసలు సంగతికి వచ్చింది.

ఊరి శ్మశానం గోడ బయట, ముళ్లపొదల్లో ఒక మొరటు రాయి ఉంది. దాని కింద ఉన్నది మెహిటబెల్ టార్‌బాక్స్, వెల్మా వంశంలో ఈ ఊళ్లో మొదట కాలుపెట్టిన మనిషి. పండుగకు వచ్చేవాళ్లు ఆ ఒక్క రాయి బయటెందుకుందని అడుగుతారు. అందుకని సంఘంవాళ్లు సమాధిని లోపలికి మార్చి, రాయిమీద ‘ఊరి తొలినాటి కాపురస్తురాలు’ అని చెక్కిస్తారట. వంశంలో మిగిలింది వెల్మా ఒక్కతే కాబట్టి ఆమె ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే, ఆమె బతికున్నంతకాలం ఆ వంపులో అంగడి ఉండేలా ఊరిపెద్దలు అనుమతి ఇస్తారు. ఒప్పుకోకపోతే ఏమవుతుందో మిసెస్ థేయర్ అనలేదు. పండుగకు వేసే పందిరి ఎంత పెద్దదో, ఎందాకా వస్తుందో మాత్రం చెప్పింది.

వెల్మా ఇంట్లో చెప్పుకున్న చరిత్ర వేరు. ఈ దేశం ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉండగా, మెహిటబెల్ ఎక్కడో దాసీపని ముగించుకుని, మొగుడు లేకుండా, కడుపుతో ఈ ఊరికి నడిచి వచ్చింది. బీదవాళ్లు ఊళ్లో కుదురుకుంటే వాళ్ల తిండి భారం ఊరిమీద పడుతుంది. అందుకని అలాంటివాళ్ల గుమ్మం ముందుకు కానిస్టేబుల్ వచ్చి, రాజుగారి పేరు చెప్పి పొమ్మనేవాడు. మెహిటబెల్‌ను పొమ్మన్న కానిస్టేబుల్ ఈ థేయర్ల వంశంవాడే. ఆమె ఎదురు చెప్పలేదు. మూట పట్టుకుని పొలిమేర దాటింది, పక్క ఊరి గడ్డివాములో పడుకుంది, తెల్లారి తిరిగొచ్చింది. ఒకసారి వెళ్లడంతో పొమ్మన్న మాట చెల్లిపోయింది కనుక పెద్దలు మళ్లీ కూడి మళ్లీ పొమ్మనాలి. అన్నారు. ఆమె వెళ్లింది, వచ్చింది. చివరికి ఊరే విసిగిపోయింది. చచ్చాక మాత్రం గోడ లోపల చోటివ్వలేదు.

టార్‌బాక్సులు తమ పిల్లలకు కాస్త ఊహ తెలియగానే పొలిమేర అవతలికి తీసుకెళ్లి, ఒక రొట్టెముక్క తినిపించి, వెనక్కి నడిపించుకొచ్చేవారు. వెల్మా కూడా తండ్రి చెయ్యి పట్టుకుని అలా వెళ్లొచ్చింది. దారిలో ఆయన, పొమ్మన్నప్పుడు గొడవపడకు, పో, మళ్లీ రా, అన్నాడు.

వెల్మా గుడ్ల పెట్టె మూతవేసి తన బేరం చెప్పింది.

“మార్చుకోండి. కాని రాయిమీద ‘పొమ్మన్నా తిరిగొచ్చింది’ అని చెక్కించాలి.”

“పండుగపూట అవన్నీ తవ్వుకోవడం ఎందుకు వెల్మా? ఆవిణ్ని గౌరవిద్దామనే కదా మా తాపత్రయం.”

“పొమ్మన్నదెవరో చెక్కమనలేదు చూడండి. అది మీకు తగ్గింపు కిందే లెక్క.”

మిసెస్ థేయర్ గుడ్లను బల్లమీదే వదిలేసి వెళ్లిపోయింది.

వెల్మా చెక్కపెట్టెమీద కూర్చుని లెక్క చూసుకుంది. ఈ వంపు పోతే ఇంటిముందు అమ్ముకోవాలి. అది వంపులేని తిన్నని దారి, కారు ఆపేవాడుండడు. వసంతానికల్లా కోళ్లను వదిలించుకోవాలి. ఆ తర్వాత ఇంటినీ. రెండో పక్క, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనిషి. ఆమెను ఎక్కడ పెట్టినా ఆమెకు తెలియదు. వ్యాపారం తెలిసిన ఎవరైనా రాయి ఇచ్చేసి చోటు తీసుకుంటారు. కాని వాళ్లు అడుగుతున్నది రాయిని కాదు. బతికుండగా ఇవ్వని చోటును ఇచ్చినట్టు రాసుకుని, మెహిటబెల్ పొలిమేర నుంచి తిరిగి నడిచొచ్చిన ఆ పొద్దులన్నిటినీ పట్టుకుపోతున్నారు. వెల్మా లేచి మళ్లీ పళ్లు తుడవసాగింది.

మధ్యాహ్నం వెండెల్ వచ్చాడు. ఊరికి ఇప్పటికీ ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. మిగతా రోజుల్లో పొగగొట్టాలు శుభ్రం చేసే ఈ పొరుగింటి మనిషే. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

“చెప్పెయ్ నాయనా. ఆ టోపీ ఏం పాపం చేసింది?”

“నన్ననుకోకు పెద్దమ్మా. పొద్దుగూకేలోగా అంగడి ఎత్తెయ్యాలట. పెద్దలు చెప్పి రమ్మన్నారు.”

“పెద్దలా, మిసెస్ థేయరా?”

“ఆవిడ మాట కాదనేదెవరు ఈ ఊళ్లో?”

వెల్మా అతని చేతిలో ఒక ఆపిల్ పెట్టింది. “పొమ్మన్నారు, సరే. మళ్లీ రావద్దన్నారా?”

వెండెల్ కొరకబోయి ఆగాడు. “ఆ మాట రాలేదే.”

“అడిగి చెప్పగలవా?”

“పెద్దలు మళ్లీ కూడేది పండుగయ్యాక, మంగళవారం.” అప్పుడతనికి అర్థమైంది. గొంతు తగ్గించాడు. “పెద్దమ్మా, మంగళవారం ఇక ఎప్పటికీ రావద్దంటారు. ఈ చోటు పూర్తిగా పోతుంది. ఆలోచించుకో.”

“ఆలోచించాను. పందిరివాళ్లు ఎన్నింటికొస్తారు?”

“రేపు తొమ్మిదింటికి.”

“నేను ఆరింటికే లేస్తాను.”

వెండెల్ నవ్వు ఆపుకోవడానికి ఆపిల్‌ను గట్టిగా కొరికాడు. తను చెప్పాల్సింది చెప్పేశానని, విన్నది మాత్రం ఏమీ లేదని, నోటినిండా పండుతో అన్నాడు.

ఎండ చర్చి గోపురం మీదికి ఎక్కాక ఇద్దరూ కలిసి టార్పాలిన్ మడిచారు, గుంజలు పీకారు, బల్లలు పాత ట్రక్కులోకి ఎక్కించారు. మిగిలిన గుమ్మడికాయల్లో ఒకటి నీలంరంగుది, అప్పుడే పుట్టిన దూడంత ఉంది. అలాంటివాటిని ఆ ఊళ్లో కోయరు, గొడ్డలితో పగలగొడతారు. వెండెల్ దాన్ని ఎత్తడానికి వంగాడు.

“వదిలెయ్,” అంది వెల్మా. “పొమ్మన్నది నన్నే కదా.”

ఇల్లు ఊళ్లోనే ఉంది, దగ్గరే. ట్రక్కు అటు తిరగలేదు. చలిలో మోకాళ్లు సలుపుతాయని తెలిసీ వెల్మా కొండదారి పట్టి, పొలిమేర వైపు నెమ్మదిగా వెళ్లిపోయింది. పక్క సీటులో కోటు, దుప్పటి, ఒక రొట్టె ఉన్నాయి.

టౌన్ హాలులో దీపాలు ఆర్పేశారు. తలుపుకు ఎదురుగా, గుంజలు పీకిన నాలుగు గుంటల నడుమ, బొడిపెలు తేలిన నీలి గుమ్మడికాయ తన బరువుకి తానే పచ్చికలోకి కాస్త దిగి కూర్చుంది.