ముందే తెరిచిన కన్ను

నేను ఒక కాగితపు బొమ్మను. చేతులు లేవు, కాళ్లు లేవు. ఉన్నదంతా గుండ్రని ఎర్రటి పొట్ట, దాని మీద కోపంగా చూసే ముఖం. జపాను వాళ్లు నా జాతిని దరుమ అంటారు. నేను మాత్రం పుట్టింది సూళ్లూరుపేటలో, సులోచన టీచర్ ఇంటి మేడ మీద.

ఆ మేడ మీద అద్దెకుండే జపానావిడ మిత్సుయో నన్ను చేసింది. ఆమె భర్త దగ్గర్లోని ఫ్యాక్టరీలో ఇంజనీరు. కింద ఇంట్లో టీచరమ్మ కూతురు కౌముదికి, పదేళ్ల పిల్లకి, రక్త క్యాన్సరని తెలిసిన రోజు మిత్సుయో ఏమీ అనలేకపోయింది. ఆమె నేర్చిన తెలుగు కూరగాయల బండి వరకే సరిపోయేది. పాత పేపర్లు చింపి, మైదా జిగురులో తడిపి, చిన్న కుండ మీద పొరలు పొరలుగా అంటించింది. ఆరాక కుండ తీసేసి, ఎవరు తోసినా లేచి కూర్చునేలా అడుగున బంకమట్టి పెట్టింది. అలా నా లోపలంతా తెలుగు ఎన్నికల వార్తలు, పైన జపాను ఎరుపు.

కళ్లు రెండూ తెల్లగా వదిలేసి నన్ను కౌముది చేతికిచ్చింది. కోరిక కోరుకుని ఒక కన్ను దిద్దాలి, అది తీరాక రెండోది. కోరేది మనిషి, అంతవరకు సగం చూపుతో బతికేది బొమ్మ.

చెన్నై ఆసుపత్రి మంచం మీద కౌముది స్కెచ్ పెన్నుతో నా ఎడమ కన్ను దిద్దింది. "జూన్‌లో అమ్మ వాళ్ల హైస్కూల్లో ఆరో క్లాసుకు పోతా. ముందు బెంచీలో కూర్చుంటా," అంది, వార్డంతా వినేలా.

మర్నాడు ఆమెను స్కానింగుకు తీసుకెళ్లారు. వాళ్ల అవ్వ మునెమ్మ నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఒంటికన్ను బొమ్మా! జబ్బు పిల్ల కాడ ఎవురన్నా పెడతారా?" అంటూ సంచిలోంచి కాటుక భరిణె తీసి నా రెండో కన్ను దిద్దేసింది. అంతటితో ఆగక బుగ్గన దిష్టిచుక్క కూడా పెట్టింది.

కౌముది తిరిగొచ్చి కేక వేసింది. "ఎంత పని చేస్తివి అవ్వా! నేనింకా ఆరో క్లాసుకు పోనేలేదే!"

"పోతావులే బిడ్డా. కన్ను లేకుంటే అది నిన్నెట్ట కాస్తాది?"

దూదితో తుడిచారు. కాటుక పోలేదు, ఇంకా అలుక్కుంది. కౌముది నన్ను ఒళ్లో పెట్టుకుంది. "సరే. నువ్వు ముందే చూసేసినావు. ఇంక నేను పోయి తీరాల్సిందే."

ఆ తర్వాత సూది గుచ్చిన ప్రతిసారీ నన్ను పడదోసేది. నేను లేస్తే డాక్టరు వైపు తిరిగి, "చూసినారా సార్?" అనేది. జుట్టంతా రాలిపోయాక, "ఇప్పుడు మనిద్దరివీ ఒకే బుర్ర," అని నా తల నిమిరింది. ఆరో తరగతి లెక్కల పుస్తకం తెప్పించుకుని, వాంతుల మధ్యే మూడు పాఠాలు ముగించింది.

మే ఇరవై మూడున కౌముది వెళ్లిపోయింది. ఆ రోజు గురించి ఇంతకు మించి చెప్పను.

పది రోజుల తర్వాత మిత్సుయో మేడ దిగి వచ్చింది. కోరిక తీరినా తీరకపోయినా, పని ముగిసిన బొమ్మకు దండం పెట్టి గుడిలో నిప్పుకు అప్పగించడం వాళ్ల ఆచారం. "గుడి... మంట... మంచిది," అని నా కోసం రెండు చేతులూ చాచింది.

"ఇవ్వనమ్మా," అన్నారు సులోచన టీచర్. గొంతు పెంచలేదు. "ఇది బడికి పోవాలి."

మిత్సుయోకు 'బడి' ఒక్కటే అర్థమైనట్టుంది. నడుము వంచి చాలాసేపు అలాగే నిలబడింది.

బడి తెరిచిన రోజు టీచర్ నన్ను ఆరో తరగతి ముందు బెంచీ చివర కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు గుమ్మంలోంచి చూసి, "ఎందుకమ్మా, మనసు కష్టపెట్టుకుంటారు," అన్నారు. టీచర్ సుద్దముక్క తీసుకుని, "కష్టంగానే ఉంది సార్," అన్నారు.

కొత్తగా చేరిన ఒక పిల్ల బెంచీ దగ్గర ఆగింది. "టీచర్, ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"కౌముది చోటు అది."

"వస్తాదా టీచర్?"

"రాదు. అయినా చోటు తనదే. నువ్వు పక్కన కూర్చో."

ఆ పిల్ల సర్దుకుని నా పక్కన కూర్చుంది. టీచర్ బోర్డు మీద తేదీ వేసి, మొదటి పాఠం మొదలుపెట్టారు.